శాస్త్రగద్యమున ఉపమానౌచిత్యము: కాంతివిద్యుత్ ఫలిత వివరణము

తెలుగున శాస్త్రవిషయములను వ్రాయుటనుగూర్చి జరిగిన చర్చలలో పెక్కు పరిభాషను ఆశ్రయించి సాగినవే. 1906లో విజ్ఞానచంద్రికా మండలి వెలసిన పిదప ప్రకృతిశాస్త్రములను తెలుగువారికి అందించు కృషి ఒక ఉద్యమముగా పరిణమించినది. ఆ కృషితోపాటు, ఆంగ్లపదమునకు సంస్కృతసమమును కల్పింపవలెనా, దేశ్యమును వెదుకవలెనా, అన్యదేశ్యమును అట్లే గ్రహింపవలెనా అను ప్రశ్నయు మనకు సంక్రమించినది. ఆ ప్రశ్న విలువ గలదే. కాని పరిభాష కుదిరినంతమాత్రమున శాస్త్రగద్యము కుదిరినట్లు కాదు. పదమునకు పిదప వాక్యమును, వాక్యమునకు పిదప ఉపమానమును పరీక్షింపవలసియున్నది. కావ్యవిమర్శకు అలవడిన మన సాహిత్యశాఖలవారు ఈ పరీక్షకు అర్హులు. అయినను ఇది భౌతికశాస్త్రజ్ఞుల పనియని ఊరకుందురు. భౌతికశాస్త్రజ్ఞులు ఇది భాషావేత్తల పనియని ఊరకుందురు. ఈ రెండు ఊరకుండుటల నడుమ నలుగువాడు విద్యార్థి.

ఈ వ్యాసమున ఒకే విషయమును గ్రహించి ఆ పరీక్షను చేయదలచితిని. కాంతి సోకినపుడు లోహమునుండి ఎలక్ట్రానులు వెలువడుట ఆ విషయము. మన పాఠ్యగ్రంథములు దీనిని కాంతివిద్యుత్ ఫలితమని వ్యవహరించుచున్నవి. దీనిని ఎంచుకొనుటకు కారణమొకటి కలదు. ఇందలి సారమంతయు ఒక భేదముపై నిలిచియున్నది. ఆ భేదమును చెప్పగలిగిన వాక్యము సార్థకము. చెరపివేయు వాక్యము ఎంత మధురమైనను దుష్టము.

1. విషయస్వరూపము

1887లో జర్మనీదేశమున కార్ల్స్రూహె నగరమందు హైన్రిచ్ హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగములను నిరూపించు ప్రయోగములు చేయుచుండెను. ఒక విద్యుత్ స్ఫులింగపు వెలుగు వేరొక లోహపు సందుపై పడినపుడు అచ్చటి స్ఫులింగము బలపడుట ఆయనకు కనబడెను. నడుమ గాజుపలక ఉంచినచో ఆ ప్రభావము తగ్గెను. స్ఫటికశిల ఉంచినచో తగ్గలేదు. గాజు అడ్డగించునదియు, స్ఫటికము అడ్డగింపనిదియు అతినీలలోహిత కాంతి. కావున ఆ ప్రభావమునకు మూలము ఆ కాంతియే. కాంతి తరంగమని స్థాపించిన ప్రయోగములలోనే, ఆ తరంగవాదమునకు లొంగని దృష్టాంతము తొలుదొలుత పొడసూపుట విశేషము.

1888లో విల్‌హెల్మ్ హాల్వాక్స్ ఋణవిద్యుదావేశము గల జింకు పలకపై అట్టి కాంతి పడినపుడు ఆవేశము తొలగిపోవుట చూపెను. వెలువడునవి ఎలక్ట్రానులేయని 1899లో జె. జె. థామ్సన్ నిర్ణయించెను. పిదప 1902లో ఫిలిప్ లెనార్డ్ ఆశ్చర్యకరమైన సంగతిని ప్రకటించెను. కాంతి తీవ్రతను సుమారు 1000 రెట్లు మార్చి చూచినను, వెలువడు ఎలక్ట్రానుల గరిష్ఠవేగము మారలేదు. మారినది వాని సంఖ్య మాత్రమే. వేగమును మార్చునది తీవ్రత కాదు, కాంతి యొక్క జాతి; అనగా దాని పౌనఃపున్యము.

అంకెలలో చెప్పినచో విషయము స్పష్టమగును. సోడియం లోహమునుండి ఒక ఎలక్ట్రాను వెలికి వచ్చుటకు వలయు శక్తి కనీసము సుమారు 2.3 ఎలక్ట్రాను వోల్టులు. 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల ఎఱ్ఱని కాంతిలో ఒక్కొక్క ఫోటాను మోయు శక్తి సుమారు 1.8 ఎలక్ట్రాను వోల్టులు. 400 నానోమీటర్ల ఊదాకాంతిలో అది 3.1. ఎఱ్ఱదీపములను ఎన్నింటిని కూర్చినను సోడియం కదలదు. ఊదాకాంతి మినుకుమినుకుమనుచున్నను ఎలక్ట్రానులు వెలువడును. వానిలో మిక్కిలి వేగముగలవానికి 0.8 ఎలక్ట్రాను వోల్టుల చలనశక్తి మిగులును. అదే ఊదాకాంతి జింకును కదలింపలేదు. జింకునకు 4.3 ఎలక్ట్రాను వోల్టులు కావలెను. అనగా సుమారు 290 నానోమీటర్లకు లోబడిన అతినీలలోహిత కాంతి కావలెను.

ఇందు రెండు ప్రశ్నలున్నవి. కాంతి ఎంత? కాంతి ఎట్టిది? మొదటి ప్రశ్నకు సమాధానము ఎలక్ట్రానుల సంఖ్యను నిర్ణయించును. రెండవదానికి సమాధానము ఎలక్ట్రానులు వెలువడునా లేదా, వెలువడినచో ఎంత శక్తితో వెలువడును అనుదానిని నిర్ణయించును. ‘ఎంత’, ‘ఎట్టి’ అను ఈ రెండింటిని వేరుపరచుటయే ఈ విషయమున వివరణకు ప్రాణము. ఇక మన పదములు, వాక్యములు, ఉపమానములు ఈ పని చేయుచున్నవా అని చూతము.

2. పదములు

‘పౌనఃపున్యము’ అను పదమును తొలుత ప్రశంసింపవలెను. మరల మరల కలుగుట అను అర్థము పదము పైననే కనబడుచున్నది. ఉచ్చారణకు కొంచెము కఠినమైనను, అర్థమును దాచుకొనని పదమిది.

‘తీవ్రత’ అట్టిది కాదు. ఎండ తీవ్రత, జ్వర తీవ్రత, వాగ్వాద తీవ్రత అనుచోట్ల ఈ పదము తాకిడి యొక్క బలమును స్ఫురింపజేయును. తీవ్రమైన ఎండ మాడ్చును. మందమైన ఎండ మాడ్చదు. ఈ సంస్కారముతో వచ్చిన విద్యార్థి ‘కాంతి తీవ్రత పెరిగినది’ అను వాక్యము వినినంతనే, ఎలక్ట్రాను మఱింత వేగముగా వెలువడునని తలచును. అతని తలంపు తెలుగు నుడికారమును బట్టి న్యాయమైనదే. తప్పు పదమునందున్నది గాని అతనియందు లేదు. స్థిరపడిన పదమును మార్చుమనుట నా ఉద్దేశము కాదు. ఈ సందర్భమున తీవ్రత అనగా తాకిడి బలము కాదు, క్షణక్షణము వచ్చిపడు కాంతిరాశియని మొదటి ప్రయోగముననే చెప్పవలెననుట నా ఉద్దేశము. ఆ ఒక్క వాక్యమును వదలిన పాఠము పిదప పది వాక్యములు వ్రాసినను ప్రయోజనము తక్కువ.

‘పని ప్రమేయము’ మఱింత విచారింపదగినది. లోహమునుండి వెలికి వచ్చుటకు ఎలక్ట్రాను చేయవలసిన కనీసపు పనికి ఇది పేరు. ఆంగ్లమున ఈ పేరులోని రెండవ పదమునకు గణితశాస్త్రమున వేరొక ప్రసిద్ధార్థము కలదు. ఆ అర్థమునకు తెలుగున ప్రమేయమను పదము స్థిరపడినది. అనువాదకుడు పదమునకు పదము పెట్టినందువలన ఈ పేరు ఏర్పడినట్లు తోచుచున్నది. న్యాయశాస్త్రమున ప్రమేయమనగా ప్రమాణముచే తెలియదగినది. వాడుకలో ‘నాకు ప్రమేయము లేదు’ అనగా సంబంధము లేదని. ఈ మూడర్థములలో ఏదియు ప్రకృతమునకు తోడ్పడదు. జర్మను భాషలో ఈ భావమునకున్న పేరును విడదీసినచో ‘నిర్గమనమునకు వలయు పని’ యని వచ్చును. నిర్గమనకార్యమనియో, వెలికివచ్చు పనియనియో మనము అన్నచో పేరే పాఠమయ్యెడిది. ఆంగ్లము ద్వారమున వచ్చినది గనుక ఆంగ్లమునందలి అస్పష్టత కూడ వెంట వచ్చినది.

‘ఉద్గారము’ అను పదముపై ఒక ఆక్షేపము వినబడును. దీనికి మూలార్థము త్రేన్పు, క్రక్కుట. అట్టి పదము శాస్త్రమునకు తగునా యని. దండి కావ్యాదర్శమున సమాధిగుణమును చెప్పుచు ఇట్టి పదములనే విచారించెను. గౌణార్థమున వాడబడినపుడు ఇవి శోభించుననియు, ముఖ్యార్థమున గ్రామ్యములగుననియు ఆయన అభిప్రాయము. ఆ న్యాయమున ఉద్గారమునకు దోషము లేదు. పైపెచ్చు ఒక గుణము కలదు. లోపలనున్నది వెలికి వచ్చుట అను భావమును ఈ పదము చక్కగా తెలుపును. ఎలక్ట్రానులు కాంతితో వచ్చినవి కావు, కాంతినుండి పుట్టినవి కావు. లోహమున ముందే ఉన్నవి.

3. కర్త ఎవరు?

పదములనుండి వాక్యమునకు వత్తము. ఈ విషయమును మూడు విధముల చెప్పవచ్చును. కాంతి ఎలక్ట్రానులను వెడలగొట్టును. లోహము ఎలక్ట్రానులను ఉద్గారించును. ఎలక్ట్రానులు వెలువడును. వ్యాకరణదృష్టిని మూడును సాధువులే. శాస్త్రదృష్టిని ఒక్కొక్కటి ఒక్కొక్క అంశమును ముందునకు తెచ్చి, మఱియొకదానిని మఱుగుపరచుచున్నది.

మొదటి వాక్యమున కాంతియే కర్త; లోహము కేవలము స్థలముగా మిగిలినది. కాని లోహము సాక్షిమాత్రము కాదు. దేనికిని బద్ధముకాని ఒంటరి ఎలక్ట్రాను ఫోటానును పూర్తిగా మ్రింగజాలదు. అట్లు జరిగినచో శక్తియు ద్రవ్యవేగమును ఏకకాలమున సరిపడవు. లోహము ఆ లెక్కలో పాలుపంచుకొనుటవలననే ఈ కార్యము సిద్ధించుచున్నది. రెండవ వాక్యమున లోహము తనంత తానే ఉద్గారించునట్లున్నది. కాంతి ప్రేరణ చెప్పబడలేదు. మూడవదానిలో కారణమే లేదు.

తెలుగున ప్రేరణార్థకక్రియ ఉన్నది గదా. కాంతి ప్రయోజక కర్త, లోహము ప్రయోజ్యము. ‘కాంతి లోహముచేత ఎలక్ట్రానులను వెలువరింపజేయును’ అను వాక్యము కొంచెము బరువైనను, ముగ్గురి పాత్రలను మూడుచోట్ల నిలుపుచున్నది. ప్రేరణార్థకమును విడిచి సూటిగా వ్రాయుమని నేర్పు ఉపాధ్యాయులు ఇట్టిచోట నియమమును సడలింపవలెను.

4. మూడు ఉపమానములు

ఉపమకు అంగములు నాలుగు: ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. కావ్యమున సమానధర్మము కొంత లుప్తమైనను సహృదయుడు పూరించుకొనును. శాస్త్రగద్యమున అట్లు కాదు. సమానధర్మమేదియో, ఏ ధర్మమందు సామ్యము లేదో రెండును చెప్పవలెను. వామనుడు లెక్కించిన ఆఱు ఉపమాదోషములలో హీనత్వము, అధికత్వము, అసాదృశ్యము అను మూడును శాస్త్రగద్యమున ప్రాణాంతకములు. ఈ కొలతతో, పాఠము చెప్పువారు వాడదగిన మూడు ఉపమానములను తూచి చూతము.

మొదటిది కుండ. జల్లు పడుచుండగా కుండ కొంచెము కొంచెముగా నిండి, చివరకు పొరలును. కాంతి తరంగమై నిరంతరముగా శక్తిని పోయుచుండగా, ఎలక్ట్రాను దానిని కూడబెట్టుకొని వెలువడునని దీని భావము. ఇది నిజమైనచో మందకాంతిలో కొంతసేపు వేచియుండవలెను. ఎఱ్ఱని కాంతియైనను ఓపికపట్టినచో సోడియమును కదలింపవలెను. రెండును జరుగుట లేదు. కాంతి సోకుటకును ఎలక్ట్రాను వెలువడుటకును నడుమ వ్యవధి సెకనులో నూరుకోట్లవంతులు మూడింటికంటె తక్కువయని 1928 నాటికే లారెన్స్, బీమ్స్ చూపిరి. కావున ఈ ఉపమానము సిద్ధాంతముగా అసదృశము. అయినను దీనిని త్రోసివేయరాదు. పూర్వపక్షముగా ఇది శ్రేష్ఠము. కుండను ముందుగా చూపని పాఠమున, ఫోటాను ఏ చిక్కును విప్పినదో విద్యార్థికి తెలియదు.

రెండవది మామిడికాయ. కొమ్మనున్న కాయపై గుప్పెళ్ళకొలది ఇసుక విసరినను రాలదు. ఒక్క రాయి గురిగా తగిలినచో రాలును. ఇందు ‘ఎంత’, ‘ఎట్టి’ అను భేదము తేటగా నిలిచినది. ఇసుక రాశి ఎంతైనను రేణువు చిన్నది. రాయి ఒక్కటియైనను చాలును. ఈ గుణమువలననే తాకిడిని తెలుపు ఉపమానములు బోధనలో ప్రచారము పొందినవి. కాని ఇందు అధికత్వదోషము కలదు. తాకిడియను ధర్మము ఉపమేయమున లేదు. రాయి తగిలిన కాయ రాయి పోవు దిక్కునకే పోవలెను. కాంతి లోహపు పైభాగమున పడి లోనికి పోవుచుండగా, ఎలక్ట్రానులు ఆ పైభాగమునుండియే వెలుపలికి, కాంతి వచ్చిన వైపునకే, వచ్చుచున్నవి. తాకిడియే కారణమైనచో అవి లోనికి పోవలసినది. మఱియు తగిలిన పిదప రాయి నేలబడి మిగిలియుండును, ఫోటాను మిగులదు. కనుక ఈ ఉపమానమును వాడువారు ‘సామ్యము పరిమాణభేదమందే, తాకిడియందు కాదు’ అని వెనువెంటనే చెప్పవలెను. చెప్పనిచో, నేర్పిన సత్యముకంటె మిగిల్చిన భ్రాంతి పెద్దదగును.

మూడవది రేవు. నది దాటుటకు మనిషికి ఒక నిర్ణీతమైన కూలి. దాటదలచినవారికి ఒక్కొక్కరికి ఒక్కొక్క నాణెము దొరకును. నాణెము కూలికి చాలినచో కూలి పోగా మిగిలినది చేతనుండును. చాలనిచో ఒడ్డుననే నిలువవలెను. నాణెముల సంఖ్య పెరిగినచో దాటువారి సంఖ్య పెరుగును గాని, ఒక్కొక్కరి చేతి చిల్లర పెరుగదు. చిల్లర పెరుగుటకు నాణెపు విలువ పెరుగవలెను. నాణెపు విలువ పౌనఃపున్యమునకును, నాణెముల సంఖ్య తీవ్రతకును, కూలి పని ప్రమేయమునకును, చిల్లర చలనశక్తికిని సరిపోయినవి. ఇంతకంటె సూక్ష్మమైన సంగతి కూడ ఇందు ఇముడును. ఎలక్ట్రానులన్నియు ఒకే వేగముతో రావు. సూత్రము చెప్పునది గరిష్ఠశక్తిని మాత్రమే. లోతున శక్తిని గ్రహించిన ఎలక్ట్రాను పైకి వచ్చు దారిలో కొంత పోగొట్టుకొనును. దూరపు ఊరినుండి వచ్చు బాటసారి త్రోవలోనే కొంత ఖర్చు చేసికొని రేవు చేరినట్లు. 1964లో బెర్గ్లండ్, స్పైసర్ ఈ కార్యమును మూడు మెట్లుగా విభజించిరి: లోపల కాంతిని గ్రహించుట, ఉపరితలమునకు చేరుట, గట్టు దాటుట. రేవు ఉపమానము ఆ మూడింటిని మోయగలదు.

అయినను ఇందును ఒక లోపము కలదు. రేవున రెండు చిన్న నాణెములు కలిపి కూలి చెల్లింపవచ్చును. ఎలక్ట్రాను అట్లు ఏల చేయలేదు? ఉపమానము ఈ ప్రశ్నకు ఉత్తరమీయదు, బయటినుండి చెప్పవలెను. చాలని శక్తిని గ్రహించిన ఎలక్ట్రాను దానిని అత్యల్పకాలముననే తోటి ఎలక్ట్రానులకును లోహమునకును పంచివేయును. సాధారణదీపపు వెలుగులో అంతలోపల రెండవ ఫోటాను అదే ఎలక్ట్రానునకు చేరుట దుర్లభము. ఇది దుర్లభమే గాని అసంభవము కాదు. 1960లో లేసరు వెలసిన పిదప, మిక్కిలి సాంద్రమైన కాంతిలో ఒకే ఎలక్ట్రాను రెండు మూడు ఫోటానులను గ్రహించి వెలువడుట ప్రయోగములందు గోచరించినది. కావున ‘ఆరంభ పౌనఃపున్యమునకు తక్కువైన కాంతి ఎట్టి పరిస్థితియందును ఎలక్ట్రానును వెలువరింపదు’ అను వాక్యము నేడు సాధువు కాదు. ‘సాధారణ తీవ్రతలందు’ అను విశేషణము చేర్చవలెను. ఉపమానపు లోపమును వెదకబోగా సిద్ధాంతవాక్యమునందలి అతివ్యాప్తి బయటపడినది. విమర్శ యొక్క ప్రయోజనము ఇట్టిదే.

5. ఐన్‌స్టయిన్ వచనము

ఈ విషయమున మూలరచన 1905లో ఆల్బర్ట్ ఐన్‌స్టయిన్ జర్మను భాషలో ప్రకటించిన వ్యాసము. తొమ్మిది భాగముల ఆ వ్యాసమున కాంతివిద్యుత్ ఫలితమునకు దక్కినది ఎనిమిదవ భాగము మాత్రమే. రచనాదృష్టిని గమనింపదగినది దాని శీర్షిక. తాను చెప్పబోవుదానిని ఆయన సిద్ధాంతమనలేదు, నియమమనలేదు. అన్వేషణకు తోడ్పడు దృక్కోణము అన్నాడు. కాంతిశక్తి విడివిడి కణములుగా ఉన్నట్లు గ్రహించినచో ఏమి ఫలించునో చూతమను ధోరణియే ఆద్యంతము సాగినది. ఒక కాంతికణము తన శక్తినంతటిని ఒకే ఎలక్ట్రానునకు ఇచ్చుట అందు సరళతమమైన ఊహగా ప్రవేశించినది. ప్రతి ఎలక్ట్రాను వెలికి వచ్చునపుడు ఆ వస్తువునకు తగిన కొంత పని చేయవలెనన్న మాట దానికి జతపడినది. అంతట సూత్రము లభించినది. ఉపమకు ఔచిత్యమెట్టిదో తెలిసిన రచయిత చేయు పనియే ఇది. సామ్యమును వినియోగించుకొనెను, తాదాత్మ్యమును ప్రకటింపలేదు.

ఆ సంయమమునకు చరిత్ర విలువ కట్టినది. 1916లో రాబర్ట్ మిలికన్ సోడియం మున్నగు లోహముల ఉపరితలములను శూన్యమునందే గీకి శుభ్రపరచి, సూత్రమును అతిసూక్ష్మముగా పరీక్షించెను. సూత్రము నిలిచినది. అయినను దాని వెనుకనున్న కాంతికణపు ఊహను మిలికన్ నాడు అంగీకరింపలేదు. ఐన్‌స్టయిన్‌కు 1921వ సంవత్సరపు నోబెల్ బహుమానము 1922లో ప్రకటింపబడినపుడు, ప్రశంసావాక్యమున పేర్కొనబడినది కాంతివిద్యుత్ ఫలిత నియమము, కాంతికణము కాదు. ఫోటాను అను పేరు ప్రచారమునకు వచ్చినది 1926లో గిల్బర్ట్ లూయిస్ వ్రాసిన లేఖ తరువాత. నియమము వేరు, దానికి ఆధారమైన చిత్రము వేరు అను వివేకము ఆనాటి పండితులకు ఉండెను.

ఆ వివేకము వ్యర్థము కాదని పిదప తేలినది. కాంతిని తరంగముగానే ఉంచి, లోహములోని ఎలక్ట్రానులకు మాత్రము క్వాంటం నియమములను వర్తింపజేసినను, ఆరంభ పౌనఃపున్యమును గరిష్ఠశక్తి సూత్రమును రాబట్టవచ్చునని 1969లో విల్లిస్ లాంబ్, మార్లన్ స్కల్లీ చూపిరి. ఫోటాను లేదని దీని అర్థము కాదు. 1977లో కింబుల్, డాజెనే, మాండెల్ సోడియం పరమాణువుల కాంతిపై చేసిన ప్రయోగము తరంగవాదమునకు లొంగని సాక్ష్యమునిచ్చినది. అర్థమిది: ‘కాంతి కణమని ఈ ఫలితమొక్కటియే రుజువు చేసినది’ అను వాక్యము ప్రమాణము మోయగలిగినదానికంటె ఎక్కువ బరువును దానిపై మోపుచున్నది. కాంతికణపు ఊహ ఈ ఫలితమును మిక్కిలి సరళముగా వివరించినది అనుట యుక్తము. ఒక క్రియాపదమున ఉన్న ఈ భేదము భాషాభేదము మాత్రమే కాదు, ప్రమాణభేదము.

6. ఉపసంహారము

పై విచారమువలన తేలిన అంశములు మూడు. శాస్త్రపదము వాడుకలోని తన పూర్వార్థమును విడిచిపెట్టి రాదు; తీవ్రత అను పదమువలె అది వెంట తెచ్చుకొనిన అర్థము ప్రకృతమునకు విరుద్ధమైనచో, రచయిత దానిని మొదటనే నివారింపవలెను. వాక్యమున కర్తృత్వమును ఎవరికి ఇచ్చితిమో ఎఱిగి ఈయవలెను. ఉపమానమును వాడినపుడు సామ్యము ఎచ్చట ఆగునో ఆచ్చోటను చూపవలెను. కుండ పూర్వపక్షమునకు, మామిడికాయ పరిమాణభేదమునకు, రేవు లెక్కకు తగినవి. ఏ ఒక్కటియు తక్కినవాని పని చేయజాలదు.

పరిశోధకవిద్యార్థులకు ఇందు విశాలమైన క్షేత్రము కలదు. తెలుగున వెలువడిన భౌతిక, రసాయన, జీవశాస్త్ర పాఠ్యగ్రంథములను భాషాదృష్టిని పరిశీలించినవారు పదపట్టికలతో ఆగక, వానియందలి ఉపమానములను సంకలనము చేసి గుణదోషములను నిర్ణయించినచో, అలంకారశాస్త్రమునకు కొత్త వినియోగమొకటి ఏర్పడును. ‘తీవ్రత పెరిగిన వేగము పెరుగును’ అని వ్రాసిన విద్యార్థి ఉత్తరమును గుణించువారు, అతనికి సున్న వేయుటకు ముందు, ఆ మాట ఏ వాక్యమునుండి పుట్టినదో ఒకమారు వెదకుట న్యాయము. ఆ వెదకుట మన శాఖ పనియని నా విన్నపము. విజ్ఞులు పరిశీలింతురు గాక.